వంకాయ పువ్వు రంగు

"కామారెడ్డి దాటిన మేడం. ఇంకో గంటల ఆర్మూర్‌ల ఉంట" అని లింబాద్రి సార్ ఫోను పెట్టేశాడు. అవతల ఎవరూ లేని ఫోనును నేను ఇంకా చెవికి పెట్టుకునే ఉన్నాను, బస్సు హోరు వినిపిస్తున్నట్టే ఉంది. గంట. గంటంటే ఎంత, ఒక ఇంటి పేరు పలక చెక్కేంత, అమ్మ వాకిట్లో కూర్చుని రెండు చాటల పసుపు కొమ్ములకు మట్టి దులిపేంత. రెండేళ్ల నాలుగు నెలలు ఆగినదాన్ని, ఈ ఒక్క గంటకు కాలు నిలవడం లేదు. మిషిన్ పాడైంది, పని సగంలో ఆగింది, రేపు పొద్దున గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు సాయంత్రానికి వచ్చి నా ముందు నిలబడతారు, ఇలాంటప్పుడు మనిషి ఏడవాలి కదా. ఏడుపు ముఖం పెట్టుకుందామనే చూస్తున్నాను, పెదవులు మాట వినడం లేదు.

"మిషిన్ ఖరాబైతే గింత కళ ఎవలకుంటదే?" అంది అమ్మ వాకిట్లోంచి, తల ఎత్తకుండానే. మా అమ్మ ఆశమ్మ తల ఎత్తకుండానే అన్నీ చూస్తుంది. నలభై ఏళ్లు పసుపు కల్లాల్లో వంగి కొమ్ములు ఏరినవాళ్లకు అది అబ్బుతుంది కాబోలు. "గా నెమలికంఠం చీర ఎందుకు తీసినవ్? నూనె మరకలైతే?" "ఇంకేం చీరలు లేవే, అన్నీ ఉతుకుకేసిన" అన్నాను. తాడు మీద మూడు చీరలు ఎప్పుడో ఆరిపోయి గాలికి ఊగుతూ నన్ను వెక్కిరిస్తున్నాయి. అమ్మ వాటివైపు చూడలేదు, ఇంకో కొమ్మును గోనెకు రుద్దింది. నలభై ఒకటి నిండుతున్న ఆడదాన్ని, తల్లి ముందు పదో తరగతి పిల్లలా చీరకు లెక్క చెప్పుకుంటున్నాను.

షాపంటే పెద్ద షాపేం కాదు, మా ఇంటి ముందుగదే. రోడ్డు వైపు షట్టరు, పైన 'పద్మలత లేజర్ వర్క్స్' అని నేనే కోసి అతికించుకున్న అక్షరాలు, లోపల మంచమంత మిషిన్. దాని వెనక పొడుగాటి పెట్టెలో గాజు ట్యూబు పడుకుని ఉంటుంది, నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. కరెంటు తగలగానే ఆ గాజులో ఒక వెలుగు పుడుతుంది, దాంతోపాటు కంటికి కనపడని వేడి గీత ఒకటి బయల్దేరుతుంది, అది మూడు అద్దాల మీద పడి మూడు మలుపులు తిరిగి చివరికి లెన్సులోంచి సన్నగా చెక్క మీదికి దిగుతుంది. నిన్న మధ్యాహ్నం టేకు పలక మీద 'భీమవ్వ' అన్నంతవరకు ఎలాగో దిగింది, 'భోజన్న' దగ్గరికొచ్చేసరికి గోటితో గీసినంత కూడా పడలేదు. ముప్కాల్ రైతు ఆ భోజన్న. పది రోజుల కింద భార్యను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. "ఆమె పేరే ముంగట రాయి బిడ్డా. నేను మేస్త్రీలకు చాయ్‌లు పోసిన గంతే, ఇల్లు లేపింది ఆమెనే" అన్నాడు. భీమవ్వ ఆయన వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరవై దాటిన ఆమె ముఖం ఆ కొంగు వెనక ఎలా ఉందో నాకు కనపడలేదు, కానీ వాళ్లు పోయాక చాలాసేపు కంప్యూటర్ తెర మీద ఆ రెండు పేర్లనే చూస్తూ కూర్చున్నాను. ఒక పేరు పక్కన ఒక పేరు. నా పని అదే కదా, రోజూ చూసేదే, మరి ఆ రోజు ఎందుకు లేవబుద్ధి కాలేదో.

నిన్న ఆ పలక అలా పాలిపోగానే ముందు చేసిన పని, మిషిన్ బాగుచేసే లింబాద్రి సార్‌కు ఫోను చేయడం. "ట్యూబు పోయినట్టుంది సార్, కోత పడుతలేదు" అన్నాను. "వెలుగు ఏ రంగున్నది మేడం?" అని అడిగాడు. "ఎప్పటిలెక్కనే సార్, వంకాయ పువ్వు రంగు." ఆయన వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. "వీడియో కాల్ చేయనా?" అన్నాను, ఎందుకంటే ఎప్పుడూ అదే పద్ధతి, బెల్టు వదులైనా నీళ్ల పంపు మొరాయించినా వీడియో కాల్‌లోనే చూసి చెబుతాడు. "గా కుడిదిక్కు స్క్రూ మేడం, గది కాదు, దాని పక్కకున్నది" అంటాడు. నా ఫోను స్క్రూను చూపిస్తుంది, ఆయన ఫోను ఏ గోడనో చూపిస్తుంది, ఇన్నేళ్లలో ఆయన ముఖం సరిగ్గా ఒక్కసారి తెర మీద కనపడితే ఒట్టు. "వద్దు మేడం. రేపు నేనే వస్త" అన్నాడు. ఫోను పెట్టేశాక షట్టరు సగం దించి, మిషిన్ మీద చెయ్యి ఆనించి, కాసేపు ఊరికే నిలబడ్డాను. లోపలి ట్యూబు వేసి రెండేళ్లు దాటాయి, ఇలాంటి గాజుకు ఆయుష్షు అంతేనని ఆయనే చెప్పాడు, పోవలసిన కాలానికి పోయింది, ఇందులో నా తప్పేం లేదు. నా తప్పేం లేదని నేను ఎవరికి చెప్పుకుంటున్నట్టు?

ఇప్పుడు బస్సు ఎక్కడుంటుంది, ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర వరసలో ఆగి ఉంటుంది. ఆయన కిటికీ పక్కనే కూర్చుంటాడు, ఎందుకంటే పోయినసారి ట్యూబు తెచ్చినప్పుడు అలాగే వచ్చానని చెప్పాడు. గాజు సామాను పైన వేయనివ్వనంటే కండక్టరు వినలేదట, నడిమధ్యలో పెడితే ఎవరైనా తన్నుతారట, చివరికి "గీ డబ్బాకు గూడ ఒక టికెట్ కొట్టు తమ్మీ" అని దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని హైదరాబాదు నుంచి ఆర్మూరు దాకా చెయ్యి వేసి పట్టుకుని వచ్చాడు. అమ్మ ఆ మాట విని పడీపడీ నవ్వింది. నేను నవ్వాను కానీ నా నవ్వులో కొంచెం కుళ్లుంది. మూడున్నర గంటలు ఒక గాజు గొట్టం ఆయన పక్కన కూర్చుంది. ఇప్పుడు కూడా ఒకటి కూర్చుని ఉంటుంది, టికెట్ కొట్టించుకుని, దర్జాగా.

మిషిన్ మొదట వచ్చిన రోజు ఆయన నాకు ఎవరో కాదు, కంపెనీవాళ్లు పంపిన మెకానిక్, అంతే. నుదురు మీద చెమట, జేబులో నాలుగు రంగుల పెన్నులు, మాటకు ముందు ఒక మేడం, మాట చివర ఒక మేడం. వెనక పెట్టె మూత తీసి ట్యూబు వెలుగుతుంటే చూపించాడు. "గీ రంగు యాద్ పెట్టుకోండ్రి మేడం. గిట్లున్నన్ని దినాలు ట్యూబుకు ఏం ఫికర్ లేదు. పొయ్యేముంగట రంగు పాలిపోతది, బూడిద చల్లినట్టయితది." నేను వంగి చూసి, "వంకాయ పువ్వు రంగు" అన్నాను, అలా నోటికొచ్చింది. అప్పుడు ఆయన మొదటిసారి మిషిన్‌ను వదిలి నన్ను చూశాడు. "మస్తు చెప్పిన్రు. ఇరవై ఏండ్ల సంది గీ రంగుకు పేరు దొరుకలే నాకు. ఇగ అందరికి గట్లనే చెప్త" అన్నాడు. చెబుతున్నాడో లేదో. కరీంనగర్‌లో, నాందేడ్‌లో, ఎవరెవరి షాపుల్లోనో ఆయన వంగి వెనక మూత తీసి వంకాయ పువ్వు రంగు అంటుంటే నా మాట ఊరూరూ తిరుగుతోందనుకుంటాను, నేను మాత్రం ఈ గదిలోనే ఉంటాను. అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. బెల్టు గురించి అడిగి పెట్టేస్తాను.

రెండోసారి వచ్చింది నా తెలివితక్కువతనం వల్ల. ఆ ఏడు దసరాకు ఆయుధ పూజ చేశాను. కొడవలికి, కత్తిపీటకు, కుట్టుమిషన్‌కు పెట్టినట్టే దీనికీ మూత మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది, కానీ నాకు తృప్తి కలగలేదు. కష్టపడేది లోపలివి కదా, మూతకు పెడితే ఏం పుణ్యం అని, మూడు అద్దాలకూ నడిమధ్యన పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, అగరుబత్తి తిప్పి దండం పెట్టాను. మర్నాడు మిషిన్ వేయగానే మొదటి అద్దం మీద పొగ లేచింది, తర్వాత టప్పున ఒక చప్పుడు. ఆయన వచ్చి మూత తీసి చూసి, నన్ను చూసి, మళ్లీ అద్దాన్ని చూసి, స్టూలు మీద కూలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "దేవునికి పెట్టాల్సింది అద్దానికి పెట్టిన్రా మేడం! ఇది దుమ్ము పడితేనే ఓర్వదు, మీరు ఏకంగ పెండ్లి చేసిన్రు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది, అయినా ఆ నవ్వు చూడ్డానికి ఇంకో అద్దం కాలినా ఫరవాలేదనిపించింది. కొత్త అద్దాలు బిగించి పోయేముందు అమ్మను కుంకుమ అడిగి, మిషిన్ మూత మీద ఒక మూలకు తనే బొట్టు పెట్టాడు. "ఇగ ప్రతి దసరాకు గీడనే" అన్నాడు. ఆ రేకు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. మిషినంతా తుడుస్తాను, ఆ మూల తుడవను.

మూడోసారి ట్యూబు మార్చడానికి వచ్చాడు. కరెంటు తీసేశాక కూడా గాజు జోలికి పోవద్దన్నాడు. "వైరు గుంజినా లోపల ఇంక ఉంటది మేడం. పది నిమిషాలు ఆగుదాం." ఇద్దరం ఎదురెదురుగా రెండు స్టూళ్ల మీద కూర్చుని పది నిమిషాలు గడియారం చూశాం. అంతే, ఇంకేం జరగలేదు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు, నేను ఒళ్లో పెట్టుకున్నాను, ఫ్యాను తిరిగింది. పెళ్లయిన ఆరేళ్లలో నా మొగుడు పది నిమిషాలు నా ఎదురుగా ఊరికే కూర్చున్న గుర్తు లేదు. తర్వాత పాత ట్యూబు తీయడానికి మనిషి ఒక కొస పట్టుకోవాలన్నాడు. "జారనియ్యకుండ్రి. నేను అంటే లేపుండ్రి." తొట్టెలోంచి నిద్రపోయే పిల్లను ఎత్తినట్టు ఇద్దరం కలిసి ఎత్తాం, మధ్యలో గాజు, ఆ కొసన ఆయన, ఈ కొసన నేను, ఆయన అడుగు చూసి నేను అడుగు వేశాను. కొత్తదాన్ని పడుకోబెట్టి వైరు చుట్టి, దాని మీద జిగురు పూసి, రాత్రంతా ఆరాలన్నాడు. బస్టాండ్ దగ్గర లాడ్జిలో పడుకుని మర్నాడు వచ్చాడు. రెండు రోజులూ మా ఇంట్లోనే తిన్నాడు. అమ్మ జొన్నరొట్టె వేస్తూ, "పెండ్లాం పిల్లలు యాడుంటరు బిడ్డా?" అని అడిగేసింది. "పిల్లలు లేరు అవ్వా. ఆమె పోయి ఆరేండ్లాయె. ధర్పల్లిల మా అమ్మ ఉంటది, గంతే" అన్నాడు. అమ్మ ఇంకో రొట్టె వేసింది. నేను వంటింట్లో ఉండి, ఉప్పు డబ్బా మూత పెట్టి తీసి పెట్టి తీసి, ఆయన చెప్పినది సంతోషించే మాట కాదని నన్ను నేను తిట్టుకున్నాను.

పోతూ పోతూ జాగ్రత్తలు చెప్పాడు. ట్యూబును చల్లబరిచే నీళ్ల డబ్బాలో బ్యాటరీ నీళ్లే పోయాలి, నెలకోసారి మార్చాలి, ఎండాకాలం ఐసు సీసాలు వేయాలి, కరెంటు చూపే ముల్లు పద్దెనిమిది దాటనివ్వకూడదు. "గిట్ల చూసుకుంటే రెండేండ్లు, ఇంక ఎక్కువనే వస్తది" అన్నాడు. అక్షరం పొల్లు పోకుండా చేశాను. ఏప్రిల్ ఎండలో రోజూ ఫ్రిజ్జులోంచి ఐసు సీసాలు తెచ్చి నీళ్లలో వేశాను. అమ్మకు చల్లనీళ్లు లేకున్నా ట్యూబుకు ఉన్నాయి. ముల్లు పదిహేడు దగ్గరికి వస్తే చాలు, పిల్లకు జ్వరం వచ్చినట్టు అదరాబదరా తగ్గించాను. ఆయన చెప్పినట్టు వినడం నాకు ఇష్టం. వినేకొద్దీ ట్యూబు బతికింది, ట్యూబు బతికేకొద్దీ ఆయన రాలేదు. ఏడాది గడిచాక ఒకరోజు ఈ సంగతి తట్టి, చేతిలో ఐసు సీసాతో అలాగే నిలబడిపోయాను. నేను ఎంత మంచిగా చూసుకుంటే ఆయన అంత ఆలస్యంగా వస్తాడు. ముల్లును ఇరవై రెండుకు తిప్పితే ఆర్నెల్లలో గాజు చస్తుంది, ఒక్క మర తిప్పడమే, ఎవరికీ తెలియదు. చెయ్యి దాని దాకా పోయింది. కానీ వచ్చాక ఆయన, "ఎట్ల చూసుకున్నరు మేడం, గింత జల్ది పోయింది?" అంటే, ఆ మాట పడలేననిపించింది. ఐసు సీసా నీళ్లలో వేసి వచ్చాను. ఎవరి మీద కోపమో తెలియక ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

చేతులు ఖాళీగా ఉంటే ఇలాగే తిరుగుతుంది బుద్ధి. గంటలో పావు పైనే అయిపోయింది. ఆయన వచ్చేసరికి మిషిన్ మురికిగా ఉంటే బాగుండదని, చుట్టం వచ్చేముందు ఇల్లు ఊడ్చినట్టు తుడవడం మొదలుపెట్టాను. పట్టాలు తుడిచాను. బెల్టు తుడిచాను. గుడ్డ పచ్చగా అవుతోంది. ఈ సీజనులో ఆర్మూరులో పచ్చబడనిది ఏముంది, రోడ్డు పచ్చన, లారీలు పచ్చన, తుమ్మితే రుమాలు పచ్చన, అనుకుంటూనే వెనక కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల వెనకింటి నడిపయ్య గిర్ని, పసుపు మిల్లు. సంక్రాంతి పోయాకే పెట్టాడు, పొద్దుననుంచి పొద్దుమూకేదాకా పసుపు పట్టడమే. నా మిషిన్‌కు పొగ లాగే ఫ్యాను ఉంది. అది లోపలి పొగను బయటికి తోస్తుంది, తోసిన కొద్దీ వెనక కిటికీలోంచి గాలి లోపలికి వస్తుంది, ఆ గాలి ఎక్కడిది, నడిపయ్య గిర్నిది. లెన్సు మర విప్పి, బయటికి తీసి, వెలుతురుకు పట్టుకున్నాను. శనగగింజంత కూడా అవతల కనపడలేదు. నిండా పసుపు. వేడికి కాగి, అట్టు కట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన పోపు వాసన.

దూదిపుల్లకు స్పిరిట్ అద్ది తుడిచాను. ఒక పుల్ల, రెండు, ఆరు. అద్దాలు మూడూ తుడిచాను. లెన్సు బిగించి, చెక్క నిన్న ఉన్నచోటే ఉంది కదపలేదు కాబట్టి, పని మళ్లీ మొదటినుంచి వేశాను. మనసులో ఏమనుకున్నానో చెబితే పాపం, పడొద్దు దేవుడా అనుకున్నాను. పడింది. 'భీమవ్వ' అక్షరాల్లో అదే గాడిలో మళ్లీ దిగి, అక్కడినుంచి పాలిపోకుండా, వణకకుండా, 'భోజన్న' అని నల్లగా లోతుగా దిగింది, ఎప్పుడూ దిగనంత బాగా దిగింది. వెనక పెట్టెలోకి వంగి చూశాను. నిండుగా వంకాయ పువ్వు రంగు. చెట్టుకు పూసినట్టుంది.

ట్యూబు పోలేదు. రంగు మారలేదని నిన్న నా నోటితో నేనే చెప్పాను. నాకు తెలియదా, తెలుసు. భయంలో తోచలేదని చెప్పుకోవచ్చు, కానీ తోచింది, తోచనట్టు ఊరుకున్నాను, రెండేళ్లు దాటిందిలే అన్న మాట చాటున దాక్కున్నాను. మరి ఆయనకెందుకు తట్టలేదు? ఇరవై ఏళ్లు దాటిన అనుభవం, రంగు అడిగింది ఆయనే, దుమ్ము ఓర్వదని చెప్పింది ఆయనే. బస్సుల హోరులో సరిగ్గా వినపడి ఉండదు. పాపం, ఎక్కడెక్కడో తిరిగి అలసిపోయి ఉంటాడు, నా మాట నమ్మి పొద్దున్నే లేచి గాజు పెట్టెకు టికెట్ కొట్టించి వస్తున్నాడు. ఇప్పుడు ఫోను చేసి చెబితే డిచ్‌పల్లిలోనే దిగిపోతాడు, ఒక బండి ఎక్కితే ధర్పల్లిలో వాళ్ల అమ్మ దగ్గర అన్నం తింటాడు, సాయంత్రానికి హైదరాబాదు. చెప్పాలి. అది మర్యాద. చెబితే ఆయన, "మంచిదాయె మేడం" అంటాడు, మళ్లీ ఎన్నేళ్లు, ఈ గాజు ఇంకో ఏడు బతికేట్టుంది, మొండిది, నాలాంటిది.

వంటింట్లోకి ఎందుకు పోయానో నాకు తెలియదనను. పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసుకున్నాను. తిరిగి వచ్చి, నడుస్తున్న మిషిన్‌ను మధ్యలో ఆపి, లెన్సు మళ్లీ విప్పాను. ఒక్క చిటికెడు, కొంచెం స్పిరిట్ చుక్క, కొంచెం వేడి, నిన్నటిలాగే అయిపోతుంది. ఆయన వస్తాడు, వంగి చూస్తాడు, "దుమ్ము పట్టింది మేడం" అంటాడు, నేను "అయ్యో అట్లనా సార్" అంటాను, అన్నం తింటాడు, నాలుగు గంటల బస్సుకు పోతాడు. ఎవరికీ నష్టం లేదు. వేళ్ల మధ్య పసుపు లెన్సు మీదికి వంగింది, ఇంకా రాలలేదు. ఆయన కన్ను నాకు తెలియదా. గిర్ని దుమ్ముకూ వేలితో పెట్టినదానికీ తేడా ఆయనకు ఒక్క చూపులో తెలుస్తుంది, మూడు అద్దాలకు పెళ్లి చేసినదాన్ని ఇంతకుముందే చూశాడు. ఈసారి నవ్వడు. చూసి, తెలిసి, ఏమీ అనకుండా మర్యాదగా తుడిచి పోతాడు. ఆ మర్యాదను నేను ఎలా మింగను. ఆ పైన ఈ పూట ఇలా గడిస్తే మళ్లీసారికి ఏం చల్లాలి, వైరు తెంపాలా? ఐదేళ్లలో మూడు రాకలు. ఎప్పుడూ ఏదో ఒకటి కాలాలి, ఏదో ఒకటి చావాలి. మంచిగా ఉన్న ఇంటికి మనిషి రాకూడదా.

"అమ్మా" అన్నాను, "సార్‌కు అన్నం పెడతవా?"

"ఎందుకు పెట్ట? అడిగితే పెడత" అంది అమ్మ. తర్వాత మొదటిసారి తల ఎత్తింది. నా ముఖం చూసింది, నా పసుపు వేళ్లు చూసింది, తాడు మీది చీరలు చూసింది. "అడగందే అమ్మైనా పెట్టదంటరు బిడ్డా. ఇంటోళ్లకే గట్లయితే, బయటోళ్ల సంగతేంది?" అని మళ్లీ చాటలోకి వంగింది. కొమ్ములు చాటలో గలగలమన్నాయి.

నా కాపురం తెగదెంపులకు పెద్దమనుషుల ముందు పంచాయితీ జరిగిన రోజు కూడా నన్ను ఒకే ఒక్క మాట అడిగారు, "నీకేం గావాలె బిడ్డా?" అని. నేను తల వంచుకుని "ఏమొద్దు" అన్నాను. ఏమొద్దు అనడం మంచి ఆడపిల్ల లక్షణమని నేర్పారు, నేర్చుకున్నాను. నా మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు కలిగారట, మంచిదే. నేను స్టీలు సామాను దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే పనికి కుదిరాను, చేతిమిషిన్ గరగరమంటుంటే వేల పేర్లు కొట్టాను, అన్నీ జంట పేర్లు. ఈ లేజరు కొనుక్కునేదాకా నాకు ఏదైనా కావాలని నా నోటితో ఎవరినీ అడిగిన గుర్తు లేదు. దాన్ని కూడా కావాలని అడగలేదు, అవసరమని చెప్పి తెచ్చుకున్నాను. అవసరం వేరు, కావాలనుకోవడం వేరు. లెన్సు బిగించి, ఆపినచోటినుంచే మిషిన్‌ను మళ్లీ నడిపించాను. పసుపు చెయ్యి కుళాయి కింద పెట్టి కడిగాను. పసుపు అంత తొందరగా పోతుందా, రెండు వేళ్లకు అలాగే ఉంది.

ఫోను తీసేలోపే మోగింది. "జక్రాన్‌పల్లి దాటుతున్న మేడం. చౌరస్తాల దిగి ఆటో ఎక్కుత."

"సార్" అన్నాను. "ట్యూబు మంచిగనే ఉన్నది సార్. లెన్సు మీద గిర్ని పసుపు పట్టింది. తుడిచిన. కోస్తున్నది."

బస్సు హోరు. ఎవరో చిల్లర అడుగుతున్నారు.

"మిమ్ములను ఉత్తగనే తిప్పిన" అన్నాను.

"గట్లయితే నాతోని పని లేనట్టే గద మేడం" అన్నాడు, మెల్లగా.

ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది, 'అయ్యో తప్పయింది సార్' అని. అది నాలుక మీదికి వచ్చింది. దాన్ని పక్కకు జరిపాను. "పని లేదు సార్" అన్నాను. "పని లేకున్నా రాండ్రి."

హోరు. ఎంతసేపో నాకు తెలియదు. కరెంటు తీశాక ఆగవలసిన పది నిమిషాలు గుర్తొచ్చాయి.

"వస్తున్న" అన్నాడు. చివర మేడం అనలేదు.

ఫోను మిషిన్ మూత మీద పెట్టి, ఆ మూల ఉన్న పాత బొట్టు మరక పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డాను. లోపల పలక చెక్కడం పూర్తయి మిషిన్ తనంతట తనే ఆగింది. భీమవ్వ భోజన్న నిలయం. మసి తుడిచి గోడకు ఆనించాను. పద్మలతా, నువ్వేం మాట్లాడావో తెలుసా నీకు, ఆ మనిషి ఏమనుకుంటాడు, ఎందుకు రమ్మన్నారని అడిగితే ఏం చెబుతావు, అన్నం తినడానికి అంటావా. అంటాను. ఊరికే కూర్చోవడానికి అంటాను, ఎదురెదురుగా, రెండు స్టూళ్లు ఉన్నాయి కదా. సిద్ధుల గుట్ట రాళ్ల మీద ఎండ తెల్లగా పడుతోంది. అమ్మ చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, పొయ్యి దగ్గరికి పోయి ఎవరూ చెప్పకుండానే రొట్టెల పిండి తీసింది. ఒక ఆటో వచ్చింది, ఆగకుండా పోయింది. ఇంకోటి వచ్చింది, అందులో పసుపు బస్తాలు. మూడోది మలుపు దగ్గర నెమ్మదించి, మా షట్టరు ముందు ఆగింది.

దిగాడు. జుట్టు ఇంకొంచెం నెరిసింది. భుజానికి అదే పాత సంచి, జేబులో అవే నాలుగు పెన్నులు. నేను ఆటోలోకి చూశాను. ఆయన వెనక సీటు చూశాను, డ్రైవరు పక్కన చూశాను. నా భుజమంత ఎత్తు పెట్టె, దాచితే దాగేది కాదు. ఆటో తిరిగి వెళ్లిపోయింది. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియక ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు.

"ట్యూబేది సార్?" అని అడిగాను.

"తేలేదు" అన్నాడు, గడప అవతల చెప్పులు విడుస్తూ, నన్ను చూడకుండా. "నిన్న వంకాయ పువ్వు రంగన్నరు గద."